సగానికి ఇగిరిన నీళ్ళు

ఆ పేటలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పే మనిషి. ఎవరు కనిపించినా "కాచుకుని తాగండమ్మా" అనకుండా ఉండలేడు, అందుకని కాచే బాబాయ్ అయిపోయాడు. ఒకసారి పేటంతా విరేచనాలు పట్టుకుంటే, కాచుకున్న ఇళ్ళే గట్టెక్కాయి. అప్పట్నుంచీ ఆయన మాటకి ఎదురులేదు.

ఇక మూడు నెలల మనవరాలి పాలసీసాలో పొడి కలిపే నీళ్ళ సంగతి చెప్పాలా? కన్నకూతుర్ని కూడా నమ్మడు మహానుభావుడు! తెల్లారగానే గిన్నె పొయ్యి మీద పెట్టి, నీళ్ళు సగానికి ఇగిరేదాకా అక్కడే కాపలా. "గ్యాసంతా నీళ్ళకే పోతోంది నాన్నా" అని కూతురు సణిగినా చెవిన పెట్టడు.

ఆ రోజు పొద్దున ట్యాంకు దగ్గరికి ల్యాబు నుంచి ఇంజినీరమ్మ వచ్చింది. ఫ్యాక్టరీలో వాడే రసాయనమేదో భూమిలోకి దిగి ఈ ట్యాంకుకి నీళ్ళిచ్చే బోర్లలో కలిసిందట. రంగూ లేదు, వాసనా లేదు. ట్యాంకర్లు వచ్చేదాకా ఈ నీళ్ళు తాగొద్దని, వంటకీ వాడొద్దని ఇంటింటికీ చెప్పమంది.

"కాచుకుంటే పోతుంది కదమ్మా?" అన్నాడు బాబాయ్ ధీమాగా.

"అయ్యో, కాస్తే చచ్చేవి క్రిములు బాబాయ్ గారూ. ఇది పోదు. నీళ్ళు ఆవిరైపోయి ఇదే మిగులుతుంది. పాలు మరిగిస్తే చిక్కబడవూ? అలాగ."

ఆయన జేబులోంచి ఫోన్ లాగాడు. కూతురికి ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తదే! సైకిలెక్కాడు. సందు మలుపులో చైను ఊడింది. "నీ దుంపతెగ!" అని దాన్ని అక్కడే పడేసి పరుగెత్తాడు. పొద్దున తాను దింపిన గిన్నే కళ్ళ ముందు ఆడుతోంది.

ఇంట్లో కూతురు పిల్లని ఒళ్ళో వేసుకుని సీసా నోటికి అందిస్తోంది. ఒక్క ఊపున లాక్కున్నాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"మతిపోయిందా నాన్నా? నువ్వు కాచిన నీళ్ళే కదా!"

"అందుకేనమ్మా" అని పాలు సింకులో ఒంపేసి, నేల మీద కూలబడి సంగతి చెప్పాడు. కూతురు పిల్లని గుండెకి అదుముకుంది. ఆవిడ తిట్టిపోసినా ఆయనకి బాగుండేది.

దుకాణం నుంచి నీళ్ళ బాటిల్ తెచ్చి కూతురి ముందు పెట్టి, వీధిలోకి వచ్చాడు.

"కాచకండి! కాచినా సరే, ఆ నీళ్ళు తాగకండి!" అని గుమ్మం గుమ్మానికీ అరుస్తుంటే జనం నవ్వారు. ఎదురింటి టైలరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నిన్నటిదాకా కాచండి కాచండి అని మా ప్రాణం తీశావు. ఇవాళ వద్దంటావు. ఏ మాట నమ్మాలి బాబాయ్?"

ఆయన కిటికీ కిందికి వచ్చాడు. "సగానికి మరిగించి మరీ నా మనవరాలికి పట్టించానే తల్లీ! పుట్టినప్పట్నుంచీ! నా చేత్తో!"

నవ్వులు ఆగిపోయాయి. టైలరమ్మ గబగబా లోపలికెళ్ళి పొయ్యి ఆర్పేసింది. ఆయన అప్పటికే పక్కింటి తలుపు బాదుతున్నాడు.