వణుకు వాటా

మా మరిది పోయాడు. పోయిన నెల రెండో మంగళవారం, ఉదయం ఆరూ పదికి. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని ఆసుపత్రిలో చేర్చాం, నాలుగో రోజు తెల్లవారేసరికి అయిపోయింది. నర్సు కాగితం మీద ఆరుంబావు అని రాయబోతుంటే, కాదమ్మా, ఆరూ పది అని దిద్దాను. ఆ గదిలో నేను చేయడానికి అప్పటికి మిగిలిన పని అదొక్కటే.

పరామర్శకు వచ్చిన పోర్టువాళ్ళు, క్రేన్ మీద అతనంతటి చేయి మళ్ళీ రాదని చెప్పి వెళ్ళారు. నిజమే. కానీ చివరి పద్నాలుగు నెలలు అతను ఏ పనిలో ఉన్నాడో వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. రోజువారీగా రాసి ఉంది. రెండు వందల పేజీల పుస్తకం, నూట నలభై ఆరో పేజీ దాకా.

నేను కాపురానికి వచ్చేనాటికి అతనికి పన్నెండేళ్ళు. పద్మనాభం దగ్గర పల్లె మాది. బడిపంతులమ్మనని ఇంటిల్లిపాదీ కలిసి అతని లెక్కల పుస్తకం నా ఒళ్ళో పడేశారు. పదో తరగతి గట్టెక్కించాను. "మా వదిన సేతి మొట్టికాయలకి లెక్కనేదు" అని పెద్దయ్యాక అందరికీ చెప్పేవాడు. లెక్క ఉంది. ఏడు.

తర్వాత పోర్టులో చేరి, కింద తాళ్ళు కట్టే పని నుంచి మొదలుపెట్టి క్రేన్ ఎక్కాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు దిగలేదు. "దించీటప్పుడు సప్పుడు రాకూడదు" అనేవాడు. ఎత్తడం ఎవరైనా ఎత్తుతారట, పనితనమంతా దించడంలో ఉంటుందట. ఇంట్లోనూ అంతే. అతను స్టీలు గ్లాసు గచ్చు మీద పెడితే వినపడేది కాదు. కుర్చీ జరిపితే వినపడేది కాదు. "ఇంట్లో మనిసున్నాడో నేదో తెల్దక్కా, దెయ్యంతో కాపరం సేత్తన్నాను" అని మా తోడికోడలు నవ్వుతూ విసుక్కునేది.

ఒక వానాకాలం ఏదో ఓడ సరుకు దించకుండా తొమ్మిది రోజులు ఆగిపోయింది. అందులో కరెంటు పని చేసే విదేశీయుడొకడికి మా మరిది రోజూ క్యారేజీలో చేపల పులుసు పట్టుకెళ్ళాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఓడ కదిలే రోజు ఆ మనిషి, చేతిలో పట్టుకుని ఆడుకునే ఆటల డబ్బా ఒకటి, అందులో వేసే చిన్న డిస్కు ఒకటి ఇతని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడట. ఆ డిస్కులో ఉన్నది పడవ ఆట. రాళ్ళకు తగలకుండా ఇరుకు కాలువల్లో పడవను నడిపి రేవుకు చేర్చాలి. మొత్తం పన్నెండు కాలువలు. పని ఆగినప్పుడల్లా ఆడి పదకొండు దాటాడు. పన్నెండోది దాటకముందే డబ్బా పాడైపోయింది. "కొండ పక్కనుంచి ఓడలొచ్చే మన పోర్టు మూతి సూసినావు కదా వదినా, దానికన్నా ఇరుకు" అనేవాడు.

నాకది నచ్చేది కాదు. "నలభై రెండేళ్ళొచ్చాయి. బొమ్మ పడవ నడుపుతావా?" అన్నాను ఒకసారి.

"నిజం పడవ నాకెవుడిస్తాడు వదినా?"

గోపాలపట్నంలో మా ఇల్లు. కింద మేము, మేడ మీద వాళ్ళు. మా ఇంటాయన పోయి తొమ్మిదేళ్ళు, మా తోడికోడలు పోయి నాలుగేళ్ళు. పిల్లలందరివీ పై ఊళ్ళ ఉద్యోగాలు. కింద నేను, పైన అతను, మధ్యలో పందొమ్మిది మెట్లు. రోజూ సాయంత్రం నాలుగింటికి అతను టీకి దిగివచ్చేవాడు. పావుగంట కూర్చునేవాడు. పెద్దగా మాటలుండేవి కావు. ఇంటి వెనక పట్టాల మీద గూడ్సు బండి వెళుతుంటే డబ్బాలు లెక్కపెట్టేవాళ్ళం, లెక్క కలవకపోతే కాసేపు వాదించుకునేవాళ్ళం.

రిటైరయిన మూడో ఏడు అతని చేతులు వణకడం మొదలైంది. ముందు కుడిచేయి, తర్వాత ఎడమ. నరాల జబ్బు అన్నాడు డాక్టరు, నెమ్మదిగా పెరుగుతుందన్నాడు. ఒకరోజు టీ తాగుతుంటే చేయి ఊగి సగం టీ చాప మీద ఒలికింది. "జాగ్రత్తగా పట్టుకోలేవా? చిన్నపిల్లాడివా?" అన్నాను. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో అరిచిన నోరు. అతను గ్లాసు కింద పెట్టాడు. టక్కుమంది. మా ఇంట్లో అతని గ్లాసు చప్పుడు చేయడం అదే మొదటిసారి.

మర్నాడు రాలేదు. పదకొండు రోజులు రాలేదు. నేను పిలవలేదు. పిలవకపోవడం తప్పని మూడో రోజుకే నాకు తెలుసు. అయినా నాలుగింటికి ఒక్క గ్లాసే పెట్టుకుని తాగాను, గూడ్సు డబ్బాలు ఒక్కదాన్నే లెక్కపెట్టాను. ఎన్నంటే అన్నే. కాదనే మనిషి లేడు.

పన్నెండో రోజు మేడ మీద నుంచి ఏదో పాట వినిపించింది. ముక్కలు ముక్కలుగా, ఆగి ఆగి. ఇరవై ఏళ్ళ కిందట ఆ ఆటల డబ్బాలోంచి వచ్చిన పాటే. మెట్లెక్కి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతుల్లో ఫోను, దానికి రెండువైపులా బిగించిన పిడులు, ఎడమ పిడి మీద బొటనవేలితో తిప్పే చిన్న పుల్ల. పూర్ణా మార్కెట్ పక్కసందులో పాత సామాన్లు బాగుచేసే ఒకతని చేత, ఇన్నాళ్ళూ దాచి ఉంచిన ఆ డిస్కులోని ఆటను ఫైలుగా తీయించి ఫోనులో పెట్టించుకున్నాడట. ఎమ్యులేటర్ అంటారు దాన్ని. ఫోను తానే ఆ పాత డబ్బానన్నట్టు నడుచుకునేలా చేసే ప్రోగ్రాము.

"ఏటి వదినా, తిట్టడానికి మెట్లెక్కొచ్చినావా?"

"ఆ పాటేమిటి, నత్తి నత్తిగా వస్తోంది?"

"అదే తెలవట్నేదు. పడవ రాయికి కొట్టుకుంటంది. నా సెయ్యి ఒణికి కొట్టుకుంటందో, ఫోను ఆలీసంగా తిప్పి కొట్టుకుంటందో తెలవట్నేదు. క్రేన్ మీద ఏదైనా తగిల్తే ముందు అదే తేల్చీవోళ్ళం. తప్పు లివరుదా, మనిసిదా అని."

"తేలితే?"

"ఫోనుదైతే బాగుసేద్దుము. నాదైతే... నాదని తెలుస్తాది కదా. ఇంకెంత మిగిలిందో తెలుస్తాది."

సెట్టింగులన్నీ ఇంగ్లీషులో, చీమతలకాయలంత అక్షరాల్లో ఉన్నాయి. కిందికి వెళ్ళి కళ్ళద్దాలు, కొత్త పుస్తకం, స్కేలు తెచ్చుకున్నాను. పేజీకి నాలుగు గళ్ళు గీశాను. ఏం మార్చాం, ముందెంత, తర్వాతెంత, ఏం జరిగింది. రోజుకు ఒక్క మార్పే అని ముందే చెప్పాను. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

"మళ్ళీ పదో తరగతి" అన్నాడు మూలుగుతూ.

ఆట ఎంత వేగంగా నడుస్తోందో తెర మూలన చూపించే ఏర్పాటొకటి ఉంది. పాత డబ్బాతో సమానంగా నడిస్తే నూరు. మొదటి రోజు మాది యాభై ఎనిమిది. బొమ్మను పాత డబ్బా కంటే మూడు రెట్లు నున్నగా గీయమని ఎవరో పెట్టారు. దాన్ని మామూలుకు దించితే ఎనభై ఒకటి. ఛార్జింగు పొదుపు చేసే మీట ఆపితే తొంభై. పావుగంట ఆడేసరికి ఫోను వేడెక్కి మళ్ళీ పడిపోయేది, రబ్బరు తొడుగు తీసేసి టేబుల్ ఫ్యాను ముందు కూర్చోబెట్టాం. వైరు లేని పిడులు నొక్కినదాన్ని కాస్త ఆలస్యంగా చేరవేస్తున్నాయని అనుమానం వస్తే, ఫోనుకే గుచ్చుకునే రకం తెచ్చాడు. తొమ్మిదో రోజు అంకె నూరుకు వచ్చి అక్కడే నిలబడింది. పాట ఎక్కడా తెగలేదు.

అతను ఆడటం ఆపి పాట వింటూ కూర్చున్నాడు. "ఫోను పక్కకి తప్పుకుంది వదినా. ఇంక మిగిలింది నానే."

తర్వాత మీటల పని పట్టాం. కుడి బొటనవేలు అసలు మాట వినడం లేదు కాబట్టి, పడవ వేగం పెంచే మీటను ఎడమ చూపుడువేలు కిందికి మార్చాం. ఇక ఆ పుల్ల. దాన్ని ఎంత దూరం నెడితే ఆట దాన్ని కదలికగా లెక్కపెట్టాలో మనమే చెప్పవచ్చు. అంతకు లోపల ఎంత కదిలినా పట్టించుకోదు. నూటికి పది దగ్గర పడవ తాగినవాడిలా తూలింది. ఇరవై దగ్గర కొంచెం తగ్గింది. రోజుకు ఐదు చొప్పున పెంచుకుంటూ పోయాం.

ముప్ఫై ఐదు దగ్గర పడవ ఆగింది.

వేలు వణుకుతూనే ఉంది. పిడులు వణుకుతున్నాయి, ఫోనే వణుకుతోంది. తెర మీద పడవ మాత్రం నీళ్ళ మీద నిశ్చలంగా ఉంది. "సూడు వదినా. సెయ్యి ఆడతంది, పడవ ఆడట్నేదు." దాన్ని ముందుకు నడపలేదు. అలా చూస్తూ ఉండిపోయాడు, నా గడియారం ప్రకారం ఆరు నిమిషాలు.

ఆ ముప్ఫై ఐదుకు వణుకు వాటా అని పేరు పెట్టాడు. "దాని వాటా దానికి పడేస్తే మిగతాది మనది" అన్నాడు. పుస్తకంలో కూడా ఆ మాటే రాయించాడు.

మిగిలినదాంతో పదకొండు కాలువలు మళ్ళీ దాటడానికి ఎనిమిది నెలలు పట్టింది. పన్నెండోది మొండికేసింది. ఆ కాలువలో పుల్లను వెంట్రుకవాసి తిప్పాలి, వెంట్రుకవాసి తిప్పితే వణుకు వాటాలో పడి పడవ కదలదు. వాటా తగ్గిస్తే తూలుతుంది. డాక్టరు మాత్రలు పెంచాడు. అన్నం చెంచాతో తినడం మొదలైంది. రోజూ అదే రాయి, రోజూ నేను అదే మాట రాయడం.

ఒక ఆదివారం అతను స్నానానికి వెళ్ళినప్పుడు నేను ఫోను తీసుకుని ఆట వేగాన్ని నూరు నుంచి తొంభైకి తగ్గించాను. పుస్తకంలో రాయలేదు. నా జన్మలో తెలిసి తెలిసి రాయకుండా వదిలేసిన అంకె అదొక్కటే.

వచ్చి ఆడాడు. ఎప్పుడూ ఆగే రాయి దాటాడు. ఇంకోటి దాటాడు. ఉన్నట్టుండి ఆపి పిడులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పాట బరువెక్కింది."

"నాకేం తేడా తెలియలేదే."

"పుస్తకం తియ్యి. ఇయాళ ఏటి రాసినావ్?"

తీశాను. గళ్ళు ఖాళీగా ఉన్నాయి. అతను వాటిని చూసి, తర్వాత నన్ను చూశాడు.

"వదిన రాయనేదంటే వదినే సేసింది."

డెబ్భై రెండేళ్ళ వయసులో కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లలా కూర్చున్నాను.

"ఆ రోజు టీ కాడ తిట్టినావు. కోపమొచ్చింది. కానీ నన్ను తిట్టినావు, నాను సెయ్యగలననుకుని తిట్టినావు. ఇది అలగ కాదు వదినా. ఇది రోగిస్టోడికి సేసిన పని."

ఫోను తీసుకుని వేగం నూరుకు పెట్టాను. గళ్ళలో రాశాను. నూరు నుంచి తొంభై, చెప్పకుండా మార్చినది నేను. తొంభై నుంచి నూరు. అతను పక్కనుంచి తొంగిచూసి, సంతకం కూడా పెట్టమన్నాడు. పెట్టాను.

"రేపు నాలుగింటికి టీకి రా" అన్నాను పుస్తకం మూస్తూ.

"ఒలుకుతాది."

"ఒలకనీ."

"అయితే నిండా పొయ్యకు. వణుకు వాటా వదిలి పొయ్యి."

ఆ మర్నాటి నుంచి అతని గ్లాసులో పైన రెండు వేళ్ళ మేర ఖాళీ వదిలి పోశాను. అతను రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు, ఒలికేది కాదు. కింద పెట్టేటప్పుడు చప్పుడయ్యేది. గూడ్సు డబ్బాల దగ్గర మళ్ళీ వాదించుకున్నాం. యాభై ఎనిమిదని నేను, యాభై తొమ్మిదని అతను. గార్డు డబ్బా కలపాలా వద్దా అన్నది చివరిదాకా తేలలేదు.

ఆసుపత్రికి వెళ్ళే ముందు గురువారం ఆఖరిసారి ఆడాడు. అప్పటికే దగ్గు ఉంది. రేవు దీపాలు కనిపించే దాకా వెళ్ళాడు. నేను వాటిని చూడటం అదే మొదలు, పసుపుపచ్చగా వరసలో ఆరు. పడవ చివరి రాయికి తగిలింది.

"రాసుకో" అన్నాడు. "ఫోను తప్పు నేదు. లివరు తప్పు నేదు. సెయ్యి."

"ఎంత దూరంలో?"

"మూడు పడవలంత."

డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి షిఫ్టువాడికి సంగతి ఒప్పజెప్పినట్టు చెప్పాడు. గొంతులో బాధ ఉందేమోనని వెతికాను, దగ్గు తప్ప ఏమీ లేదు. నూట నలభై ఆరో పేజీలో ఆఖరి వరస అదే.

కర్మలు అయ్యాక అతని పిల్లలు మేడ మీద సామాను సర్దుకున్నారు. ఫోను, పిడులు నా దగ్గర పెట్టి, "ఇది నువ్వే ఉంచుకో పెద్దమ్మా" అన్నారు. మేడ ఖాళీగా ఉంది. అతను ఉన్నప్పుడూ అక్కడ నుంచి చప్పుడు వచ్చేది కాదు. ఆ నిశ్శబ్దానికి అలవాటుపడినదాన్ని, ఇది కూడా అదే అనుకోగలనని అనుకున్నాను. అనుకోలేకపోతున్నాను.

నిన్న నాలుగింటికి టీ తాగి, గ్లాసు కడిగి, ఫోను పట్టుకుని పందొమ్మిది మెట్లు ఎక్కాను. ఖాళీ గదిలో గచ్చు మీద కూర్చుని ఆట తెరిచాను. అంకె నూరు. పాట తెగకుండా వస్తోంది. పన్నెండో కాలువ మొదట్లో పడవ ఆగి ఉంది. నా చేతులు వణకవు. బొటనవేలితో పుల్లను కాస్త నెట్టాను. పడవ కదల్లేదు. ఇంకాస్త నెట్టాను. కదల్లేదు. ఇంకొంచెం నెడితే కదులుతుందని తెలుసు. అంతవరకూ ఉన్న దూరం అతనిది. అతని చేయి పద్నాలుగు నెలలు తిరిగిన చోటు.

ముప్ఫై ఐదును నేను మార్చలేదు. వేలు అక్కడే ఉంచాను. కిందినుంచి నీళ్ళు పోతున్నాయి, పడవ నిలబడి ఉంది.