లక్షా మూడు

కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడిలో పత్తి పండించుకునే కృష్ణసామికి రెండే ఇష్టాలు. ఒకటి పెరుమాళ్, రెండోది లెక్కలు. పెద్ద అంకె ఏది చెవినబడినా దాన్ని సమభాగాలు చేసి చూస్తేగాని ముద్ద దిగేది కాదు.

పంతొమ్మిదివందల ముప్పై ఒకటో సంవత్సరం కార్తీకంలో విరుదునగరం పెరుమాళ్ గుడిలో లక్ష వత్తులు వెలిగిస్తానని అతని భార్య గోవిందమ్మాళ్ మొక్కుకుంది. ఇంటి పత్తితో తనే పేనింది. నూరు ప్రమిదలు, ప్రమిదకు వెయ్యి. అన్నిటికీ సమానంగా పడాలి, లేకుంటే దేవుడి ముందు పంక్తిభేదం చేసినట్టేనని వాళ్ళ ఆచారం. లెక్క నిండి పసుపుముడి పడ్డాక ఇంటివాళ్ళు కొత్తది పేనకూడదు, ఉన్నది తీయకూడదు.

ముడి పడిన మర్నాడు పక్కింటి పేచ్చియమ్మాళ్ వచ్చింది. గోవిందమ్మాళ్ కాన్పులన్నిటికీ వేణ్ణీళ్ళు కాచిపోసిన ముసలమ్మ. కుడిచెయ్యి పడిపోయింది. ఎడంచేత్తో పేనిన మూడు వత్తులు కొంగున కట్టుకొచ్చి, తన చేతివి కూడా సామి ముందు వెలిగితే చాలని అడిగింది. గోవిందమ్మాళ్ కళ్ళకద్దుకుని తీసుకుంది.

కృష్ణసామి పలక పట్టాడు. లక్షా మూడు. రెండుకు పోదు, మూడుకు పోదు. ఏడుకు ఒకటి మిగిలింది, పదకొండుకు రెండు, పదమూడుకు ఏడు. వర్గమూలం మూడువందల పదహారు దాటితే ఇక చూడక్కర్లేదని అతనికి తెలుసు. అక్కడిదాకా చూశాడు. దేనికీ లొంగలేదు. ఇలాంటి అంకె దొరికిందని లోపల మురిసిపోయాడు కూడా.

“మూడు వత్తులకు ఇంత రామాయణమా? ఏదో ఒక ప్రమిదలో వేసెయ్యండి,” అంది గోవిందమ్మాళ్.

పంక్తిభేదమన్నాడు. ఆ మూడింటినీ ఇంట్లోనే గూట్లో పెట్టి రైలెక్కాడు.

తన కొడుకు మాయాండి చెయ్యి పట్టుకుని పేచ్చియమ్మాళ్ కూడా గుడికి వచ్చింది. నూరు ప్రమిదలూ వెలిగాక వాటి వెంట మెల్లగా నడిచి, ప్రతిదాంట్లోకీ వంగి చూసింది.

“నావి ఎందులో ఉన్నాయి తమ్ముడూ?”

పెరుమాళ్ ఎదుట అబద్ధం రాలేదు. ఆ అంకె సమంగా విడిపోదని, ఇంట్లోనే వదిలేశానని చెప్పాడు. ఆమె కాసేపు దీపాలవైపే చూసింది.

“పోనీలే, లెక్క తెలిసినవాడివి.” తనకిచ్చిన ప్రసాదంలో సగం అతని చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నప్పుడు తట్టింది. ఒకే పెద్ద మూకుడులో అన్నీ వేసి వెలిగించివుంటే ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ? వచ్చే కార్తీకంలో అలాగే చేద్దామని మర్నాడే పేచ్చియమ్మాళ్‌కు మాటిచ్చాడు. ఆ వెంటనే వచ్చిన మార్గళి నెలలోనే ఆమె పోయింది.

ఆమె దినాలనాడు విస్తరి ముందు కూర్చుని అన్నాడు: “ఒకటితో భాగించడం లెక్కే కాదనుకున్నాను గోవిందా. ఎప్పుడూ రెండుతోనే మొదలుపెట్టేవాణ్ణి.”

గోవిందమ్మాళ్ చల్లారిన అన్నం తీసి, వేడిది వడ్డించింది.