ఖాళీగా ఉంచిన గడి

నిన్న బళ్ళారిలో, ఫినాయిలు వాసన నిండిన గదిలో నన్ను కూర్చోబెట్టి డాక్టరు నా కాగితాలు తిరగేశాడు. మా తమ్ముడి వైపు వంగి, గొంతు తగ్గించి, ఇంగ్లీషులో ఏదో చెబుతూ "ఎక్స్‌పెక్టెన్సీ" అన్నాడు. తలకు నూనె రాసుకొని, నేతచీర కట్టుకొచ్చిన ముసలమ్మకు ఇంగ్లీషేం తెలుస్తుందిలే అనుకున్నాడు పాపం. ముప్పై ఏళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పినదాన్ని. నెలల లెక్క నా చెవిన పడనే పడింది. అయితే నన్ను పట్టుకుంది ఆ లెక్క కాదు, ఆ మాట. దాన్ని నాకు నేర్పిన తిమ్మప్ప మేష్టారు గుర్తుకొచ్చారు.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి కొన్నేళ్ళే అయిన కాలం అది. మా తెక్కలకోటలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మేష్టారు ఇంగ్లీషు చెప్పేవారు. ఆయన దగ్గర లావుపాటి నోటుపుస్తకం ఒకటి ఉండేది. పుటకు మూడు గళ్ళు గీసుకున్నారు: ఇంగ్లీషు, కన్నడం, తెలుగు. ఏ మాట చెప్పినా "ఇంటికి తీస్కపోయి వాడుకోని రాండి. వాడకపోతే కొడవలికైనా తుప్పు పడతాది" అనేవారు. మరునాడు మేము వాడి తెచ్చింది నచ్చితేనే గడి నింపేవారు.

ఎక్స్‌పెక్టెన్సీకి కన్నడ గడి వెంటనే నిండింది, నిరీక్షె అని. తెలుగు దగ్గరే చిక్కొచ్చింది. ఒకడు లేచి "బళ్ళారి బస్సుకు కాసుకోనుండేది సార్" అన్నాడు.

"అది ఉత్త కాసుకోవడం అప్పా. వస్తాదని నమ్మి, మనసులో అప్పుడే ఎక్కి కూర్చోనుంటే అది ఎక్స్‌పెక్టెన్సీ. మన బస్సును నమ్మేటోడు యాడుండాడు?" అన్నారు మేష్టారు. తరగతంతా నవ్వింది. "ఇంగ్లీషోళ్ళు కడుపుతో ఉండే ఆడమనిషికీ ఈ మాటే వాడతారు. మనిషి ఎన్నేండ్లు బతుకుతాడనే లెక్కకూ ఇదే. పుట్టేదానికీ పోయేదానికీ ఒకే మాట పెట్టుకున్నారు సూడండి!"

నేను ఊరుకోవచ్చు కదా! నా నోరు ఆగేది కాదు. వరి కోతకు రాకముందే మా నాయన మిద్దె ఎన్ని అంకణాలు వేయాలో లెక్కలు కడుతుంటే మా అవ్వ అనే మాట ఒకటుంది. లేచి అదే అన్నాను: "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం."

నవ్వులు మొదలై మధ్యలోనే ఆగిపోయాయి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు మేష్టారి భార్య లలితమ్మకు కడుపు పండిందనీ, అప్పుడు ఎనిమిదో నెల అనీ ఊరంతటికీ తెలుసు. నేను నాలుక కరుచుకున్నాను. మేష్టారు మాత్రం అందరికంటే గట్టిగా నవ్వారు.

"మా ఇంట్లో ఆలూ ఉండాది, చూలూ ఉండాది పాపా. పేరూ ఉండాది. కన్నడంలోనూ తెలుగులోనూ చెల్లే పేరు. ఇప్పుడే చెప్పను, మీ అవ్వ నవ్వుతాది."

పుస్తకంలో ఆ సామెత రాయలేదు. "ఇది ఎగతాళి మాట. నాకు నమ్మే మాట కావల్ల. దొరికినంక రాద్దాంలే" అని తెలుగు గడి ఖాళీగా వదిలేశారు.

నెల తిరగలేదు. ముసురు పట్టిన రోజుల్లో లలితమ్మకు నొప్పులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, తన వల్ల కాదు, బళ్ళారికి తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పింది. ఎద్దులబండిలో పడుకోబెట్టి ఆమెను రోడ్డు మీదికి తెచ్చారు. అవ్వ వెంట నేనూ వెళ్ళాను. వంక పొంగి దారి తెగిందని, బస్సు అవతలే నిలిచిపోయిందని ఒకాయన వచ్చి చెప్పాడు. మేష్టారు వినిపించుకోలేదు. వానలో తడుస్తూ రోడ్డు కొస వైపే చూస్తూ "వస్తాది, ఇంగ వస్తాది" అంటూనే ఉన్నారు. బండిలోంచి లలితమ్మ "వచ్చిందా?" అని అడిగినప్పుడల్లా అదే జవాబు. పొద్దు వాలేసరికి ఆమె అడగడం మానేసింది. అవ్వ బండిలోకి వంగి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. బిడ్డ వెలుతురే చూడలేదు.

నేను బడి మానేశాను. నా పాపిష్టి నోటి వల్లే జరిగిందని నా నమ్మకం. అవ్వ కూడా కాదనలేదు. దినాలయ్యాక మేష్టారే వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు.

"నీ మాటతో ఏమీ కాలేదు పాపా. మాటకు అంత బలమే ఉంటే, ఆ పొద్దు 'వస్తాది' అని నేను వెయ్యి తూర్లు అనింటాను. బస్సు రావల్ల కదా?"

నన్ను ఓదార్చడానికే అన్నారు. కానీ మాటలంటే ప్రాణమిచ్చే మనిషి, మాటలో ఏమీ లేదని చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. మరునాటి నుంచి బడికి వెళ్ళాను. ఆయన పాఠాలు చెప్పారు గానీ, మాటలను ఇంటికి తీసుకుపొమ్మని మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఏడాది తిరగకుండానే బండ్రి అనే ఊరికి బదిలీ చేయించుకున్నారు. వెళ్ళే రోజు ఆ నోటుపుస్తకం నా చేతిలో పెట్టి "నాకింగ దీంతో పని లేదు, నువ్వు వాడుకో" అన్నారు. ఆ తర్వాత ఆయన ఏమయ్యారో, ఎన్నేళ్ళు బతికారో నాకు తెలియదు. వెతకలేదు కూడా. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

ఆ పుస్తకం చేతబట్టుకునే నేను పంతులమ్మనయ్యాను. ఆయనలాగే పిల్లలతో మాటలను ఇంటికి పంపాను, ఆ ఒక్కటి తప్ప. అది పాఠంలో వస్తే "నిరీక్షణ" అని రాయించి ముందుకు పోయేదాన్ని. అది ఉత్త కాసుకోవడమేనని, అబద్ధమని తెలిసే రాయించాను.

డాక్టరు చెప్పిన నెలలు ఎన్నో తమ్ముడు నాకు చెప్పలేదు. విన్నానని నేనూ వాడికి చెప్పలేదు. ఇంటికొచ్చి, పుస్తకం చేతికొచ్చిన రోజు చదివి మళ్ళీ తెరవని ఆ పుట తీశాను. సిరా వెలిసిపోయింది గానీ అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. ఖాళీగా వదిలిన తెలుగు గడిని, ఊరు విడిచే ముందు ఆయన నింపి వెళ్ళారు.

"ఆలు లేదు. చూలు లేదు. కొడుకు పేరు ప్రహ్లాదుడు."