తోమియే పిన్ని కాఫీ పరీక్ష

ఒసాకాలో రైలు కట్ట పక్కన తోమియే పిన్ని కాఫీ కొట్టు ఉండేది. పిన్ని వీడియో గేమ్ ఒక్కటీ ఆడి ఎరగదు. అయినా ఆ రోజుల్లో, అంటే 1981లో, మా కంపెనీ తయారుచేసిన ప్రతి ఆటా ముందు ఆమె గడపే తొక్కేది. గాజు బల్ల కింద తెర ఉన్న యంత్రాన్ని మూడు రోజులు అక్కడ పెట్టి, జనం ఎలా ఆడుతున్నారో మేం మూలనుంచి చూసేవాళ్ళం. నన్ను ఎవరూ గుర్తుపట్టకూడదని పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. అది తలకిందులుగా ఉందని పిన్ని ఓసారి అందరి ముందూ సరిచేసి వెళ్ళింది.

మా దగ్గర లెక్కల కాగితాలుంటే ఆమె దగ్గర కప్పులుండేవి. ఆటలో పస ఉంటే ఆ బల్ల మీద కాఫీ చల్లారిపోతుంది, లేకపోతే కప్పు ఖాళీ అవుతుంది. ఆమె శాస్త్రం అంతే.

"నా కాఫీ బాగుందని ఎవడైనా మెచ్చుకున్నాడంటే మీ ఆట గంగలో కలిసినట్టే నాయనా" అనేది.

ఆ ఏడు వానలప్పుడు మా కంపెనీలోనే పనిచేసే కువాబారా మిత్సుయే తన మొదటి ఆట తెచ్చింది. మేడమీద ఆరేసిన బట్టలను వాన తడిపేలోగా ఇల్లాలు తీసేయాలి. గళ్ళ కాగితం మీద చుక్క చుక్కా నింపుతూ ఏడు నెలలు గీసింది. మా మేనేజరుకేమో అంతరిక్షంలో కాల్పులు తప్ప ఏదీ ఆనదు. మూడు రోజుల్లో జనం పట్టించుకోకపోతే ఆట చెత్తబుట్టకీ, మిత్సుయే మరమ్మతుల విభాగానికీ అని ముందే తేల్చేశాడు.

మొదటిరోజు కప్పులన్నీ ఖాళీ. కూర్చున్నవాళ్ళు నిమిషం తిరక్కుండా ఓడిపోయి, కాఫీ తాగేసి లేచిపోయారు.

"వీళ్ళకి ఆడటం రాదు పిన్నీ. ఎంత సులువో చూడండి" అంటూ మిత్సుయే కూర్చుంది. పావుగంట ఆడినా రుమాలు కూడా తడవనివ్వలేదు.

పిన్ని ఆమె కప్పు ముట్టుకుని చూసింది.

"నీది ఒక్కటే చల్లారింది. ఏడు నెలలు రోజూ ఆడి ఆరితేరావు తల్లీ. నీకు సరిపడా వాన కురిపించుకున్నావు. మాకది తుఫాను."

"అయితే ఏం చెయ్యమంటారు, చెయ్యి నరుక్కోనా?"

"నా కుడిచెయ్యి విరిగినప్పుడు నెల్లాళ్ళు ఎడం చేత్తో పుల్లలు పట్టుకుని అన్నం తిన్నాను. ఒక్క మెతుకు నోటికందితే ఒట్టు. నువ్వూ ఎడం చేత్తో ఆడు. అప్పుడు తెలుస్తుంది మా బాధ."

మర్నాడు యంత్రాన్ని మా గదికి మోసుకెళ్ళాం. మిత్సుయే కుడిచేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసుకుంది. ఓడిపోవడం, నన్ను తిట్టడం, ప్రోగ్రాం రాసే నేను వాన తగ్గించి చిప్పు మార్చడం, ఇదే పని రోజంతా. సాయంత్రానికి మొదటిసారి మేడమీది బట్టలన్నీ తీసి, చిన్నపిల్లలా నవ్వింది. ఆ రాత్రే యంత్రాన్ని మళ్ళీ పిన్ని కొట్లో పెట్టి వచ్చాం.

మూడోరోజు మధ్యాహ్నం మేనేజరు మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని తీర్పు చెప్పడానికి వచ్చాడు. కొట్లో రొట్టె మాడిన వాసన. పొయ్యి దగ్గర ఎవరూ లేరు. బల్ల చుట్టూ జనం మూగి ఉన్నారు. మధ్యలో పిన్ని, పళ్ళు బిగించి ఆట కడ్డీ తిప్పుతోంది.

"ఒక కాఫీ" అన్నాడు మేనేజరు.

"మీరే కలుపుకోండి. ఇక్కడ పరుపు తడుస్తోంది" అంది పిన్ని తలెత్తకుండా.

ఆయన వెళ్ళి కలుపుకున్నాడు. కప్పు పక్క బల్ల మీద పెట్టి, ఒక్క క్షణం చూద్దామని పిన్ని వెనక నిలబడ్డాడు. "ఎడమవైపు, ఎడమవైపు మబ్బు" అనడం మొదలుపెట్టాడు.

చాలాసేపటికి మిత్సుయే మెల్లగా వెళ్ళి ఆయన కప్పు ముట్టుకుంది. నిండుగా ఉంది, చల్లగా ఉంది.