మెడ మీద చెయ్యి

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మోయగా మోయగా అలవాటవుతుంది అనుకున్నాను. కాలేదు. పక్క ఊరి రాజవ్వ మా వాకిట్లోకి వచ్చినప్పుడల్లా అది ఇంకాస్త బరువెక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే, ఆమె ఇన్నిసార్లు మా గడప తొక్కవలసిన పనే ఉండేది కాదు.

ఎనభైల్లో నేను దుబాయ్ అవతల కల్బా అనే ఊళ్ళో ఉన్నాను. సముద్రం ఒడ్డున ఇళ్ళు కట్టే కంపెనీ. అంతకుముందు ఒక అరబ్బు దుకాణంలో పనిచేశాను గనుక వాళ్ళ భాష కాస్త పట్టుబడింది. మా ముదీర్‌కి, అంటే మేనేజరుకి, అరబ్బీ తప్ప మరొకటి రాదు. క్యాంపులో మన తెలుగువాళ్ళకు ఏం కావాలన్నా నేనే వెళ్ళి చెప్పాలి. ఆయన ఏమన్నా నేనే వచ్చి చెప్పాలి. అందరూ అన్నా, అన్నా అంటూ నా వెనకే తిరిగేవాళ్ళు. దాచేదేముంది, అది నాకు బాగానే తలకెక్కింది.

పోశెట్టి తాపీ పనివాడు. రాజవ్వ మొగుడు. వీసా కోసం తన అన్న పొలం కుదువ పెట్టించి వచ్చాడు. కొలువు మానేసి వెళ్ళేటప్పుడు కంపెనీ ఇచ్చే ఆఖరి సొమ్మును మేమంతా హిసాబు అనేవాళ్ళం. పనిచేసిన ప్రతి ఏడుకూ ఇంత అని పేరుకుని, చివర్లో ఒక్కసారే చేతికొస్తుంది. ఆ హిసాబుతో పొలం విడిపిస్తానని, ఇక ఈ ఎడారి మొహం చూడనని పోశెట్టి అందరికీ చెప్పేవాడు.

అప్పుడే, మా క్యాంపులోనే ఉన్న నా బావమరిదికి సెలవు మీద ఇంటికి వెళ్ళాలని పుట్టింది. వెళ్ళేముందు పెద్ద అడ్వాన్సు కావాలన్నాడు. అడ్వాన్సు తీసుకునేవాడికి ఎవరో ఒకరు జమానతు నిలబడాలి. మా కంపెనీలో దానికొక పద్ధతి ఉండేది. నిలబడేవాడు ముదీర్ ఎదుటికొచ్చి, తన మెడ మీద తానే చెయ్యి వేసుకుని అవుననాలి. సెలవు మీద వెళ్ళినవాడు తిరిగి రాకపోతే ఆ బాకీ ఈ మెడ మీదికి వస్తుందని దాని అర్థం. వీడి హిసాబు లోంచి కోసుకుంటారు. నా మెడ పనికిరాలేదు, నేను అప్పటికే అడ్వాన్సు వాడుకున్నాను. హిసాబు నిండుగా ఉన్నవాడు కావాలి. పోశెట్టిని పిలుచుకెళ్ళాను.

ముదీర్ అడగవలసిందంతా సరిగ్గానే అడిగాడు. నేనే సరిగ్గా చెప్పలేదు. ఈ పిల్లవాడు మీ దిక్కువాడేనా, మంచివాడేనా అని అడుగుతున్నాడన్నాను. మెడ మీద చెయ్యి వేసి చెప్పడం వీళ్ళ ఒట్టు అన్నాను. జమానతు అన్న మాట నా నోట రానివ్వలేదు. ఆ మాట పోశెట్టికి తెలుసు. ఆ మాటతోనే కదా అతని అన్న పొలం తాకట్టు పడింది. అతను నవ్వుతూ మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. సిమెంటుకు పగిలిన వేళ్ళు. ఆ వేళ్ళు ఇప్పటికీ నా కళ్ళ ముందు కదులుతాయి.

బావమరిది వస్తాడనే నమ్మానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. నమ్మాననే చెప్పుకుంటాను. కానీ వాడు సామాను మొత్తం కట్టుకుని, చివరికి తన పరుపు కూడా అమ్మేసి వెళ్ళడం చూశాను కదా. చూసి కూడా నోరు మెదపలేదంటే, దాన్ని నమ్మకం అంటారా?

వాడు రాలేదు. ఊళ్ళో కిరాణా కొట్టు తెరిచాడని కబురొచ్చింది. పోశెట్టికి ఏమీ తెలియదు. హిసాబు పొలానికి సరిపోతుందని లెక్క చూసుకుని రాజీనామా ఇచ్చేశాడు. శుక్రవారాలు బజారుకెళ్ళి అన్నకు గడియారం, రాజవ్వకు చీర, పిల్లలకు దుప్పట్లు కొనుక్కొచ్చి నాకు చూపించేవాడు. బాగున్నాయి అనేవాణ్ణి. అతను కొన్న ప్రతి వస్తువూ నాకు భయం పుట్టించేది. అప్పుడైనా చెప్పి ఉంటే అతను రాజీనామా వెనక్కి తీసుకునేవాడు. రేపు చెబుదాం అనుకుంటూ గడిపేశాను. పాస్‌పోర్టు మీద వీసా క్యాన్సిల్ ముద్ర కూడా పడిపోయింది.

హిసాబు రోజున ఆఫీసులో ముగ్గురమే ఉన్నాం. ముదీర్ బల్ల మీద కాసిన్ని నోట్లు పెట్టాడు. మిగతాది జమానతు కింద పోయిందన్నాడు. పోశెట్టి ఆ నోట్ల వైపు, ఆ తర్వాత నా వైపు చూశాడు.

"అన్నా, ఏమంటుండు?"

"కంపెనీకి నష్టమొచ్చిందట. కట్ చేసిన్రట."

"నాదొక్కనిదేనా?"

"పోయెటోళ్ళందరిది."

"గట్లెట్ల జేస్తరే? మా అన్న భూమి ఏం గావాలె? జెర నువ్వే గట్టిగ అడుగన్నా."

నేను ముదీర్ వైపు తిరిగాను. ఒప్పుకుంటున్నాడు, ఖలాస్ అని అరబ్బీలో చెప్పాను. ఆయన పోశెట్టి మొహాన్ని అనుమానంగా చూశాడు. ఒప్పుకున్నవాడి మొహం అలా ఉండదని ఆయనకూ తెలుసు. కానీ వాళ్ళిద్దరి మధ్యా నేను తప్ప మరో నోరు లేదు. బయటికొచ్చాక పోశెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వున్నవ్ గాబట్టి నాకోసం గీ మాత్రమన్న అడిగినవే" అన్నాడు.

దుబాయ్ విమానాశ్రయంలో నేనే దిగబెట్టాను. లోపలికి వెళ్ళేముందు, బొంబాయిలో దిగి అక్కడే ఏదైనా పని చూసుకుంటానని, ఉత్త చేతులతో ఇంటికి పోలేనని చెప్పాడు. నాలుగు నెలల దాకా రాజవ్వకు చెప్పొద్దన్నాడు. ఆ నాలుగు నెలల మాటను నేను ఇన్నేళ్ళు వాడుకున్నాను.

నేను సెలవు మీద వచ్చేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అతను ఇల్లు చేరలేదు. రాజవ్వ వచ్చి, ఆఖరుసారి కలిసినప్పుడు ఏమన్నాడని అడిగింది. ఏమీ అనలేదన్నాను. బొంబాయి అని చెబితే, ఎందుకు ఆగాడని అడుగుతుంది. ఆ ఎందుకు దగ్గర నేనున్నాను. చెప్పి ఉంటే అతని అన్న ఆ రోజే రైలెక్కేవాడు. బొంబాయిలో మన తాపీ వాళ్ళుండే వాడలు వెతికేవాడు. అప్పటికింకా దొరికేవాడేమో. కానీ ఊరంతా అతను దుబాయ్‌లోనే ఏదో అయిపోయాడనుకుంది. అనుకోనిచ్చాను. పొలం పోయింది. ఆ అన్న ఇప్పుడు లేడు. నా బావమరిది కొట్టు మాత్రం బాగానే నడుస్తోంది. రాజవ్వ ఉప్పూ పప్పూ అక్కడే కొంటుంది.

ఆమె ఇప్పటికీ బొట్టు తీయలేదు. నిన్న కూడా వచ్చింది. అదే ప్రశ్న. నేను ఎప్పటిలాగే తల అడ్డంగా ఊపాను. ఆమె వెళ్ళిపోయాక మెడ తడుముకుంటే, అక్కడ నా చెయ్యే ఉంది. ఎప్పుడు వేసుకున్నానో తెలియదు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ అధికారం మీకు లేదు, అడిగే మొహం నాకూ లేదు. ఆమెతో అనవలసిన మాటలు ఇన్నేళ్ళుగా గొంతులో తిప్పుకుంటూనే ఉన్నాను, ఒక్కసారీ బయటికి రాలేదు. ఇప్పుడు మొదటిసారి రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది, సిగ్గు లేకుండా.

పోశెట్టి బొంబాయిల దిగిండు చెల్లె. ఇంటికి రానన్నడు. ఎందుకో నాకు ఎరుకే.