తెరిచి చూశారా అండీ?

పటమటలో మా కాలేజీ కంప్యూటర్లన్నీ చూసుకునే ఆవిడకి ఒక అలవాటుండేది. ఫైళ్లు ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఎక్కించాక, వాటిని అక్కడ తెరిచి చివరిదాకా చూసిగానీ పాతవి చెరిపేది కాదు. సాక్షాత్తు ప్రిన్సిపాల్‌గారే "అన్నీ వచ్చేశాయమ్మా, నేను చూశా" అన్నా సరే, కుర్చీ లాక్కుని మళ్లీ తను చూసేది. నేను చాటుగా నవ్వుకునేవాణ్ణి.

ఒకసారి నా పాత కంప్యూటర్‌ని లైబ్రరీకి ఇచ్చేయాల్సి వచ్చింది. పామర్రు పొలాల గట్ల మీద ఆరేళ్లు తిరిగి రికార్డు చేసుకున్న నాట్ల పాటలన్నీ అందులోనే ఉన్నాయి. పాడినవాళ్లలో ముగ్గురు ఇప్పుడు లేరు. తెర మీద 'పాటలు' అని ఉన్న బొమ్మని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. రెప్పపాటులో అయిపోయింది.

"తెరిచి చూశారా అండీ?" అందావిడ.

"చూశానమ్మా" అన్నాను. చూడలేదు.

ఆవిడ పాతదంతా చెరిపేసింది.

ఇంటికెళ్లి తెరిస్తే ఒక్క పాటా లేదు. నేను తెచ్చుకున్నది పాత కంప్యూటర్‌లో అవి ఉన్న చోటుకి దారి చూపే షార్ట్‌కట్ మాత్రమే. ఎలాగో ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను.

ఆవిడ నాలుగు తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"తప్పు నాదేనండీ" అంది. "ఆ పాటలు మీ ప్రాణం కదా, చూడకుండా చూశానంటారా అని, ఈ ఒక్కసారికీ నేను చూడలేదు."