అలెగ్జాండర్‌ను సగంలో ఆపేశాను

పోయిన నెల మా తెలుగు సంఘం వారు ఇంటికొచ్చి, అలెగ్జాండర్ దండయాత్రల గురించి పిల్లలకు ఒక గంట చెప్పమన్నారు. ఈ ఊళ్లో నాకు ఆ విషయంలో పండితుడినని పేరుంది. సగం పుస్తకం చదివి తెచ్చుకున్న పేరది. పరువు పోకూడదని అటక మీది పాత పుస్తకం దింపి, ముప్పై ఏళ్ల కిందట గుర్తు పెట్టిన చోట తెరిచాను. అవతలి పేజీని రెండుసార్లు చదివాను.

అప్పట్లో మేము కలకత్తా పక్కన సంత్రాగాఛిలో ఉండేవాళ్లం. ఆఫీసుకు రోజూ లోకల్లో హౌరా దాకా వెళ్లాలి. ఒకరోజు కదిలిన బండి ఎక్కబోయి కాలు జారితే, తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయన కాలరు పట్టి లోపలికి లాగాడు. రెండు బొత్తాలు తెగాయి, ప్రాణం దక్కింది. శ్రీకాకుళం వైపు మనిషి, నగరంలో మురుగుకాలువల పని. బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టాను. ఆయన రోజూ నాకు కిటికీ పక్క సీటు ఆపేవాడు. నేను ముందురోజు చదివింది చెప్పేవాణ్ణి. పొగరుబోతు గుర్రాన్ని లొంగదీసిన కుర్రవాడు ఇరవై ఏళ్లకు రాజై, సముద్రం దాటి, పారశీక సామ్రాజ్యాన్ని కూల్చేలోపు మా బండి రామరాజతల, దాస్‌నగర్ స్టేషన్లు ఎన్నిసార్లు దాటిందో.

ఒక నది ఒడ్డు యుద్ధంలో వెనకనుంచి శత్రువు కత్తి ఎత్తితే, క్లైటస్ అనే మిత్రుడు ఆ చెయ్యి నరికి రాజును కాపాడిన ఘట్టమంటే ఆయనకు మహా ఇష్టం. "నాను కాలరట్టుకుని ఈడ్సినాను. ఆడు సెయ్యే నరికీసినాడు. నాకన్నా మొనగాడే," అని నవ్వేవాడు. "తరవాత ఆడికేటిచ్చినాడు బాబూ?" అని వారం రోజులు వేధించాడు. చివరికి ఒక దేశాన్నే ఏలుకోమన్నాడని చెబితే, "అదీ. పేనం కాపాడినోణ్ణి మరిసిపోతే ఆడేం రాజు," అన్నాడు.

ఆ మర్నాడు ఇద్దరు బెంగాలీ అధికారులు నాతో బండెక్కారు. నాకు కొత్తగా ప్రమోషన్ వచ్చిన రోజులు. బాబాయ్ సీటు చూపించి, నన్ను చక్రాల కింద పడకుండా లాగింది తనేనని వాళ్లకు బెంగాలీలో సంబరంగా చెప్పాడు. "ఆప్నార్ కాకా నాకి?" మీ బాబాయా ఏమిటని ఒకాయన నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఎవరో కాలువలవాడు. పొద్దున్నే తాగినట్టున్నాడు," అన్నాను, బెంగాలీలోనే. ఆయన జన్మలో మందు ముట్టలేదు. బెంగాలీ నాకంటే ఆయనకే బాగా వచ్చు.

"కూకోండి బాబూ," అని లేచి, తలుపు దగ్గరికి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఆ పెట్టెలో కనబడలేదు. ఆయనుండే వరసిళ్లు మా ఇంటికి పది నిమిషాల నడక. నేను వెళ్లలేదు. వినేవాడు లేక పుస్తకం మూసేశాను.

మూసిన చోటికి అవతలి పేజీలో ఉన్నది ఇదీ. ఆ దేశానికి బయల్దేరే ముందు జరిగిన విందులో, ఈ గెలుపులు నీ ఒక్కడివే కావని క్లైటస్ పదిమందిలో అన్నాడు. తాగి ఉన్న రాజు ఈటె లాక్కుని, తన చేత్తోనే పొడిచి చంపాడు. మత్తు దిగాక మూడు రోజులు అన్నపానాలు ముట్టకుండా గుడారంలో పడి ఏడ్చాడట. నేను బాబాయ్‌ని ఆ మాటన్న రోజు మధ్యాహ్నం క్యాంటీన్లో చేపల కూర మారు అడిగి వేయించుకున్నాను. రాజుకు మత్తు సాకైనా ఉంది. రాజు ఏడ్చిన ఆ మూడు రోజులు నా దాకా రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.